ఏడో పులిహోర పొట్లం

వరద సహాయానికి బయలుదేరే సంఘాలకు మొదటి సూచన: ముందు ఫ్లెక్సీ కొట్టించండి. ఎనిమిదడుగులు, నాలుగడుగులు. ట్రాలీ ఆటో పక్కకి చక్కగా అమరుతుంది. బియ్యం తర్వాత కడగొచ్చు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ మీద పడినప్పుడు ఈ శాస్త్రం ఎంత ఎదిగిందో తెలిసింది. సాయం బళ్లు వచ్చి వచ్చి ఫ్లైఓవర్ దగ్గర ఆగేవి. చక్రం అక్కడిదాకానే దొర్లుతుంది, ఫొటోకి వెలుతురూ అక్కడే బాగుంటుంది. ఇలాంటి చోట నిలబడ్డవాడు పొద్దు తిరిగేలోగా ఏడో పొట్లం వద్దు మొర్రో అంటుంటాడు. నాలుగో సందులో మేడ మీదున్న ముసలమ్మ మొదటి పొట్లం కోసం బకెట్టుకి తాడు కట్టి కూర్చుంటుంది. తప్పు ఆవిడదే. వంతెన పక్కన ఇల్లు కట్టుకోవాల్సింది.

ఇక పులిహోర. పాతిక కిలోల బస్తా వండితే అన్నం అరవై అయిదు కిలోల దాకా అవుతుంది. మూడు వందల గ్రాముల చొప్పున కడితే రెండొందల పైచిలుకు పొట్లాలు. అన్నం పలుకుగా వార్చి, తెల్లబట్ట మీద పల్చగా ఆరబోసి, పులుసు చిక్కగా కాచి, నూనె రెండు గరిటెలు ఎక్కువే తగిలించి, పూర్తిగా చల్లారాక కడితే రాత్రి భోజనం దాకా ఢోకా లేదు. కానీ ముఖ్య అతిథి పదింటికి జెండా ఊపాలి కదా! అందుకని పొగలు కక్కుతుండగానే కవర్లో మూట కట్టేస్తారు. లోపల ఆవిరి నీరై, మధ్యాహ్నానికి అన్నం జిగురు పట్టి, వాసన మొదలు. తిన్నవాడికి విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ఉందిగా. అది కలపడానికి నీళ్లు? నీళ్లు వేరే సంఘం తెస్తానంది. ఆ సంఘం కూడా పులిహోరే తెచ్చింది.

బట్టల సంగతికొస్తే మన సంప్రదాయం ఘనమైనది. 2004 సునామీ తర్వాత నాగపట్నం వైపు రోడ్ల పక్కన పాతబట్టలు గుట్టలుగా పడి ఉండిపోయాయి. జిప్పు లేని ప్యాంటు, పెళ్లినాటి షేర్వాణీ, ఒంటి చెప్పు... ఇల్లు మునిగినవాడికి ఇంతకంటే ఏం కావాలి? కొత్త లుంగీలు, నైటీలు, తువ్వాళ్లు, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు కావాలట. లోదుస్తులు పంచుతూ ఫొటో దిగడం ఎలాగో ఎవరూ చెప్పరు. ఆ పద్దు ఎప్పుడూ ఖాళీయే.

ఈ వైభవాన్ని చెడగొట్టేవాళ్లు కొందరుంటారు. రెండొందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొంటారు. సందుకో పేజీ, ఇంటికో వరస. ఎన్ని నోళ్లు, పసిపిల్లలున్నారా, బీపీ మాత్రలు అయిపోయాయా, ఇన్సులిన్ వాడేదెవరు, మంచం పట్టినవాళ్లు ఏ అంతస్తులో ఉన్నారు, నిన్న ఏం అందింది, అన్నీ రాస్తారు. సందులు పంచుకుని, ఒకరి సందులోకి ఇంకొకరు వెళ్లరు. సాయంత్రం ఆరింటికి ఫోన్లు చేసుకుని రేపు వంట ఎవరు, పాలు ఎవరు, మందులెవరు అని తేల్చుకుంటారు. వీళ్ల సేవలో లోపం ఒక్కటే: ఎంత తీసినా ఫొటోలో పుస్తకం మీదకి వంగిన వీపు తప్ప ఏమీ పడదు.

నీళ్లు తీశాక అసలు పని మొదలవుతుంది. కరెంటు మెయిన్ ఆపామని చూసుకుని లోపలికి వెళ్లాలి. ఇంటికి నలుగురు మనుషులు, రెండు పారలు, వైపరు, గమ్‌బూట్లు, బ్లీచింగ్ పౌడరు. బురద తడిగా ఉండగానే ఎత్తాలి, ఆరనిస్తే గడ్డపారే గతి. పూట పని. ఆ పూటకి మన సంఘాలు దొరకవు. దాతల సన్మానానికి హాలు మాట్లాడటానికి వెళ్లి ఉంటాయి.

వెళ్తూ ఫ్లెక్సీ వదిలేసిపోతారు, అదే పుణ్యం. పంచినవాటిలో పాడవనిది అదొక్కటే. చూరు కూలిన ఇంటివాళ్లు దాన్ని తాళ్లతో కట్టి పైకప్పు చేసుకుంటారు. అచ్చు ఉన్న వైపు ఎండకి వెలిసిపోకుండా లోపలికి తిప్పుతారు. రాత్రి వెల్లకిలా పడుకుంటే అధ్యక్షులవారు, కార్యదర్శిగారు, కోశాధికారిగారు నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతూ కనిపిస్తారు.