శ్రీనగర్ తులిప్ తోట వారికి ఒక మధ్యతరగతి విన్నపం

మహారాజశ్రీ శ్రీనగర్ తులిప్ తోట వారికి,

హైదరాబాదు నుంచి ఒక ఇంటిపెద్ద నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ తమరు కూడా క్షేమమని తలుస్తాను. తలచడమే తప్ప తెలిసే దారి లేదు, ఎందుకంటే ఏడాదికి ఓ నెల తీసే ఆ గేటు ఎప్పుడు తీస్తారో మార్చి వచ్చేదాకా తమరు నోరు విప్పరు. 2024లో మార్చి 23న తీశారు, 2025లో మార్చి 26న తీశారు. ఈ రెండు తేదీలు పట్టుకుని మా బావమరిది ఎక్సెల్ షీటు చేసి సగటు తీశాడు. రెండు అంకెలకు సగటేంట్రా అంటే స్టాండర్డ్ డీవియేషన్ కూడా తీసి గ్రూపులో పెట్టాడు. గ్రూపు పేరు 'తులిప్స్ పక్కా'. దసరా నుంచి నడుస్తోంది, ఇంతవరకు అందులో పక్కా అయింది గ్రూపు పేరు ఒక్కటే.

తమరి ఇబ్బంది నాకు తెలియక కాదు. పువ్వుకు తారీఖులు తెలియవు, చలి ఎంతకాలం ఉంది, ఎండ ఎప్పుడు వచ్చింది అన్నదే దాని లెక్క. పైగా తులిప్ ఎక్కువ రోజులు నిలిచే పువ్వు కాదు. తమరి మాలీలు తెలివిగా ముందు పూసే రకాలు, నడుమ పూసేవి, చివర్లో పూసేవి కలిపి నాటి ఎలాగోలా నెల రోజులు లాక్కొస్తున్నారు, అది కూడా గట్టి వాన కొట్టకుండా ఉంటే. అంతా ఒప్పుకుంటాను. కానీ సంవత్సరంలో పన్నెండు నెలలుంటే ఆ నెలే దొరికిందా స్వామీ?

మార్చి 31 అంటే ఏమిటో తమరికి తెలుసా? మా ఆవిడ బ్యాంకులో చేస్తుంది. ఆ వారం ఆమె ఇంట్లో ఉన్నా ఉన్నట్టు కాదు, పిలిస్తే పలకదు, పలికితే బ్యాలెన్స్ షీటు సంగతే పలుకుతుంది. అది దాటితే పిల్లల పరీక్షలు. పదో తరగతి ఏప్రిల్ దాకా సాగుతుంది. ఇంటర్ వాళ్లు మార్చిలోనే ఖాళీ అవుతారని సంబరపడేలోపు జేఈఈ రెండో విడత వచ్చి కూర్చుంటుంది, దాని వెనక ఎంసెట్ (పేరు ఎన్నిసార్లు మార్చినా మా ఇళ్లలో అది ఎంసెట్టే). సీబీఎస్ఈ బడిలో వేశాం కదా, మనకు ఆ గొడవ లేదు అనుకుంటారా, వాళ్లకు ఏప్రిల్ ఒకటో తారీఖునే కొత్త క్లాసు, మొదటి వారం డుమ్మా కొడితే డైరీలో ఎర్ర ఇంకు. ఇక తెలుగు రాష్ట్రాల బడులకు వేసవి సెలవులు ఇచ్చేది ఏప్రిల్ 23, 24 ఆ ప్రాంతంలో. తమరు దుకాణం కట్టేసేది కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే. పిల్లలు బ్యాగులు మూలకు విసిరి "నాన్నా, కాశ్మీర్ ఎప్పుడు?" అనేసరికి అక్కడ మాలీలు వాడిన పూల తలలు తుంచేస్తుంటారు, బలమంతా విత్తనానికి పోకుండా గడ్డలోనే మిగలాలని. మా పిల్లల్లో కూడా కాస్త బలం మిగలాలని ఆలోచించేవాళ్లుంటే బాగుండు. ఇది తమరికి కాదు లెండి, కార్పొరేట్ కాలేజీలకు వేరే ఉత్తరం రాస్తాను.

అసలు తమరిని పుట్టించిందే మాలాంటి వాళ్ల కోసమని విన్నాను. జనం ఎండలు ముదిరాక కానీ కాశ్మీర్ వైపు చూడట్లేదు, వాళ్లను ఓ నెల ముందే రప్పించాలని 2007లో సిరాజ్ బాగ్‌ను తులిప్ తోటగా మార్చారు. జబర్వాన్ కొండల కింద, ఎదురుగా డల్ సరస్సు, 30 హెక్టార్లు, మెట్లు మెట్లుగా మళ్లు, హాలెండ్ నుంచి తెచ్చిన గడ్డలు, 2025లో ఏకంగా 17 లక్షల పూలు. ఎర బ్రహ్మాండంగా ఉంది. చేపకు సెలవు దొరకడం లేదు, అంతే.

ఈ 17 లక్షల లెక్క మా అమ్మకు చెప్పాను. "మూర ఎంత?" అంది. తులిప్‌లను మూరల్లెక్కన అమ్మరమ్మా, అసలు తెంపనివ్వరే అన్నాను. జడలో పెట్టుకోరు, దేవుడికి పెట్టరు, వాసన చూస్తే అంతంత మాత్రం, మరి అంత డబ్బు పోసి అంత దూరం పోయి చేసేదేమిటి అని అడిగింది. ఫొటోలు దిగుతామమ్మా. ఏప్రిల్లో మల్లెపూలు గుమ్మం ముందుకే వస్తాయి కదరా, వాటితో దిగు, అంది. దీనికి జవాబు తమరే పంపించాలి, నా వల్ల కాలేదు.

మా బాబాయిది ఇంకో దారి. అంత దూరం పోవడం దేనికి, తులిప్‌నే హైదరాబాదు రప్పిద్దాం అన్నాడు. ఆన్‌లైన్లో గడ్డలు తెప్పించాడు. ఆ గడ్డకు మూడు నాలుగు నెలల గట్టి చలి తగిలితే కానీ పూత కట్టదు, మన చలికాలం దాని ఆవులింతకు కూడా సరిపోదు కాబట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాడు. ఆ అరలోనే కాశ్మీర్ ఆపిళ్లు కూడా ఉన్నాయి. పండిన ఆపిల్ నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, అది తగిలితే గడ్డ లోపల ఉన్న మొగ్గ లోపలే చచ్చిపోతుంది. కుండీలో ఆకులు వచ్చాయి, పువ్వు రాలేదు. తమరి ఊరి సరుకును తమరి ఊరి సరుకే చంపింది, ఇందులో మా బాబాయి చేతిలో ఏముంది? ఉల్లిగడ్డ అనుకుని పిన్ని ఒకటి తరిగేసిందని కూడా చెప్పుకుంటున్నారు, ఆమె ఖండించింది.

ఈలోగా ఒక ట్రావెల్స్ వాళ్లు పీడీఎఫ్ పంపారు. 'గ్యారంటీ తులిప్ టూర్' అని పైన, చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'పూత ప్రకృతి అధీనం' అని. అట్ట మీద పూల మళ్లు, వెనక గాలిమర. డల్ సరస్సు పక్కన గాలిమర ఎప్పుడు కట్టారండీ అని ఫోన్ చేసి అడిగితే "అది జస్ట్ ఐడియా కోసం సార్" అన్నాడా అబ్బాయి. ఆ ఐడియాకు ఫిబ్రవరి లోపు సగం డబ్బు కట్టాలట, తమరేమో మార్చిలో కానీ తేదీ చెప్పరు. ఈ రెంటి మధ్యా నలిగేది ఎవరు?

ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ వారి అమృత్ ఉద్యాన్ ఉంది చూశారా, ఆ తోటను చూసి నేర్చుకోండి. 2025లో ఫిబ్రవరి 2న తెరుస్తాం, మార్చి 30న మూస్తాం, సోమవారాలు రావద్దు అని జనవరిలోనే చెప్పేసింది. టికెట్ లేదు, ఆన్‌లైన్లో స్లాట్ తీసుకుంటే చాలు. తులిప్‌లు అక్కడా ఉన్నాయి. వెనకాల మంచు కొండలు లేవు, నిజమే, ఆ ఒక్క ధీమాతోనే కదా తమరికింత బెట్టు.

దారి సంగతి కూడా కనుక్కున్నాం. విమానమైతే ఢిల్లీ మీదుగా పోవచ్చు. రైలైతే విజయవాడ, వరంగల్ మీదుగా కట్రా దాకా ఉంది, 2025 జూన్ నుంచి కట్రా నుంచి శ్రీనగర్‌కు వందే భారత్ కూడా నడుస్తోంది, బావమరిది దీని మీద మరో షీటు తెరిచాడు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఈ ముక్క చెప్పగానే మా పెద్దాడి ముఖంలో రంగు మారింది, పువ్వుల్లేకున్నా బతుకుతాడు కానీ డేటా లేకుండా వాడి వల్ల కాదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో జరిగిన ఉగ్రదాడి తలచుకుని ఇంట్లో పెద్దవాళ్లు "కాశ్మీరా?" అని ఆగిపోతారు, ఆ ప్రశ్న మీద నాకు వెటకారం రాదు, పక్కన పెడుతున్నాను.

మా ఆఫీసులో ఒకతను వచ్చి వెళ్లాడు, పెళ్లాంపిల్లల్లేనివాడు, మార్చిలో ఎక్కడికైనా పోగలడు. జనం ఉండరని పొద్దున్నే గేటు తీయగానే లోపలికి పోయాడట. ఆ చలికి పూలన్నీ పిడికిళ్లు బిగించుకుని ఉన్నాయి, ఇంతేనా అని బయటికి రాబోయాడు. ఎండ ఎక్కాక ఒక్కొక్కటీ విచ్చుకోవడం మొదలైంది. ఒక వీడియో చూపించాడు: ఎర్ర పువ్వు పైనుంచి ఫోన్ పెట్టి తీశాడు, అడుగున నల్లటి మచ్చ, దాని చుట్టూ పసుప్పచ్చ గీత, నడుమ నల్లటి కేసరాలు, వాటి మీద పుప్పొడి అంటుకున్న ఒక చిన్న పురుగు. పక్కన నిలబడి సెల్ఫీ దిగేవాళ్లకు ఇది కనిపించదట. అది చూశాక, ఇంతవరకు తిట్టిందంతా కాసేపు ఆపాను. కాసేపే.

కాబట్టి మా డిమాండ్లు. సంక్రాంతికల్లా ఒక తేదీ చెప్పండి, ఇంచుమించుగా అయినా పర్లేదు, తిరుమల దర్శనం టికెట్లకు నెలల ముందు కంప్యూటర్ల ముందు కూర్చునే జాతి మాది, అలవాటే. తెరిచాక ఇవాళ ఎన్ని మళ్లు విచ్చుకున్నాయో రోజూ ఒక ఫొటో పెట్టండి, గాలిమర లేకుండా. చివర పూసే రకాలు ఇంకాస్త ఎక్కువ నాటి ఏప్రిల్ నెలాఖరు దాకా కొన్ని మళ్లయినా మిగల్చండి. తొందరపడి ముందే వచ్చినవాళ్లకు హరి పర్బత్ కొండ కింద 'బాదంవారి' అనే తోటలో బాదం పూత చూసుకోండని చెప్పే బోర్డు ఒకటి గేటు దగ్గర పెట్టండి, తులిప్‌ల కన్నా ముందే పూసే ఆ చెట్ల సంగతి ఏ పీడీఎఫ్‌లోనూ లేదు.

ఇట్లు,
తమరి రాబోయే (వస్తే) సందర్శకుడు

తా.క. దసరాకు మా పిల్లలకు బోలెడు సెలవులు. ఆ రోజుల్లో తమరి దగ్గర గడ్డలు నాటడానికి నేల దున్నడం తప్ప చూడ్డానికి ఏమీ ఉండదని చెప్పాను, ఎవరూ వినలేదు. టికెట్లు చౌకగా ఉన్నాయని మా ఆవిడ ఆరుగురికి తీసేసింది, క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి రాదట. మట్టి అయినా సరే, ఆ వారం గేటు తీసి ఉంచండి.