‘పండ్లు, కూరగాయలే చాలు’ అన్న మెసేజికి నా జవాబు

విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజి ఏడాదికి రెండుసార్లైనా మళ్లీ తేలుతుంది. అన్నం, పప్పు, పాలు మానేసి జీవితాంతం పండ్లు, కూరగాయలే తినండి, మందుల అవసరమే రాదు అని. మా బావగారు దాన్ని నమ్మి రెండున్నరేళ్లు పాటించారు. అందుకే ఈ ఖండన.

ముందుగా ఒక మాట ఒప్పుకుంటాను. మనం కూరగాయలు తక్కువే తింటాం. కొండంత అన్నం, పక్కన గరిటెడు వేపుడు, అదీ మన కంచం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో, 2000 కేలరీల తిండికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉన్నాయి. కానీ అదే పట్టికలో 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్డు, మాంసం, 300 మిల్లీలీటర్ల పాలు, గింజలు, నూనె కూడా ఉన్నాయి. మెసేజి రాసినాయన మిగతా పట్టిక చింపి పారేశాడు. ఆయన వాదనలు ఒక్కొక్కటే చూద్దాం.

“ఆవు, గొరిల్లా ఆకులు తినే కండ పెంచట్లేదా?”

పెంచుతాయి. ఆవు కడుపులో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి, ఆ జీవుల్నే ఆవు అరిగించుకుంటుంది. దాని మాంసకృత్తులు, నరాలకి, రక్తానికి కావలసిన బీ12 విటమిన్ చాలావరకు అక్కడివే. గొరిల్లాకి పెద్దపేగే పులియబెట్టే కుండ. మనకా కుండ చిన్నది. మన పెద్దపేగులోనూ బ్యాక్టీరియా బీ12 తయారుచేస్తుంది గానీ, దాన్ని పీల్చుకునే చోటు చిన్నపేగు చివర, అంటే అంతకు ముందే. విశాఖకి ముందొచ్చే దువ్వాడలో దిగాల్సినవాడు, బండి విశాఖ చేరాక సామాను సర్దుకున్నట్టే.

“పండ్లలోనూ ప్రొటీన్ ఉంది.”

ఉంది. 60 కిలోల మనిషికి రోజుకి 50 గ్రాములు కావాలి. 100 గ్రాముల అరటిపండులో ఉండేది ఒక గ్రాము, బొప్పాయిలో అర గ్రాము. 100 గ్రాముల కందిపప్పులో 20 పైనే.

“అది సహజమైన చక్కెర. షుగరున్నా ఎన్నైనా తినొచ్చు.”

పండుని పండుగా తింటే పీచు వల్ల చక్కెర నిదానంగా ఎక్కుతుంది, ఒకటి రెండైతే భయం లేదు. పూటకి ఆరు అరటిపండ్లంటే వంద గ్రాములు దాటిన పిండిపదార్థం. ఆ చక్కెర సింహాచలం అనాసదా, కిరాణా కొట్టుదా అని రక్తం అడగదు.

“కొబ్బరినీళ్లు, పండ్లరసాలు కిడ్నీల్ని కడిగేస్తాయి.”

ఈ ఒక్క ముక్క చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మెసేజి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లకీ పోతుంది. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియంని సరిగా బయటికి పంపలేకపోతుంది, కొబ్బరినీళ్లలో ఎక్కువగా ఉండేది అదే. రక్తంలో అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. డాక్టరు వద్దన్నవాళ్లకి ఇది వైద్యం కాదు, ప్రమాదం.

“బీ12 కడగని ఆకుకూరల్లో దొరుకుతుంది.”

మురుగుకాలవ పక్కన పెరిగిన తోటకూర కడగకుండా తింటే దొరికేది కామెర్లు.

ఇక అసలు వాదన: “మూడు నెలల్లో ఒళ్లు తేలికైంది, ఇంతకంటే రుజువేం కావాలి?”

తేలికవుతుంది. బజ్జీలు, స్వీట్లు మానేస్తే ఎవరికైనా అవుతుంది. చిక్కేమిటంటే బీ12 కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అది తరిగేదాకా ఏమీ తెలియదు. జర్మనీలో ఏళ్ల తరబడి ఎక్కువగా వండని పచ్చి తిండి మీదే ఉన్న 201 మందిని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. చెడ్డ కొలెస్ట్రాల్ చాలామందికి అదుపులోనే ఉంది. 38 శాతం మందికి బీ12 లోపం ఉంది.

బావగారు షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు, అది కూడా బీ12ని తగ్గించే మందే. ఒకరోజు బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నడుస్తున్నాం. ఆయన ఎడమ కాలి చెప్పు ఊడి వెనకే ఉండిపోయింది. ఆయన పది అడుగులు వట్టికాలితోనే వేశారు. “బావగారూ, చెప్పు!” అంటే కిందకి చూసుకున్నారు. అరికాలికి రోడ్డు తగిలినట్టే లేదట.

ఇంట్లో అందరం షుగరు తిమ్మిర్లే అనుకున్నాం. బీ12 తగ్గితే మామూలుగా వచ్చే రక్తహీనత కూడా కనిపించలేదు, ఎందుకంటే ఆకుకూరల్లోని ఫోలేట్ అనే విటమిన్ దాన్ని కప్పేయగలదు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. బీ12 విడిగా కొలిపిస్తేనే బయటపడింది.

ఇప్పుడు ఇంజెక్షన్లు అయ్యాయి, మాత్రలు నడుస్తున్నాయి. పొద్దున్నే మా అప్ప (అక్క) చేతి చోడి (రాగి) అంబలి మజ్జిగతో, మధ్యాహ్నం పప్పన్నం, పక్కన బొప్పాయి ముక్కలు యథాతథం. కుడికాలు తేరుకుంది. ఎడమకాలికి మాత్రం ఇంకా వెనక పట్టీ ఉన్న చెప్పే వేసుకుంటున్నారు.