గడి లేని పని పని కాదట

అధ్యాపకుల పనితీరుని లెక్కగట్టే అప్రైజల్ ఫారం ఇప్పుడే పోర్టల్‌లో నింపి లేచాను. ఒళ్ళు మండిపోతోంది, ఎక్కడో ఒకచోట కక్కాలి కదా, అందుకే ఈ పోస్టు. ఒక స్కాలర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని థీసిస్ వాక్యం వాక్యం చదివాను, లెక్క తేడా వచ్చిన చాప్టర్ మొత్తం మళ్ళీ చేయించాను, మధ్యలో ఆ పిల్ల మానేస్తానని ఏడిస్తే అదీ సముదాయించాను. ఇవన్నీ రాసుకోడానికి ఫారంలో గడి లేదు. డిగ్రీ చేతికొచ్చాక ఒక అంకె వేసుకోవచ్చట. అదే కెమెరా ఆపేసి నిద్రపోయినవాళ్ళకి కూడా, ఆన్‌లైన్ వర్క్‌షాప్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయగానే టక్కున పాయింట్లు పడుతున్నాయి. అది పని, ఇది కాలక్షేపం!

ఇక ఆ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గోల ఒకటి, ఒక జర్నల్‌లో వచ్చిన పేపర్లని వేరే పేపర్లు సగటున ఎన్నిసార్లు ప్రస్తావించాయో చెప్పే అంకె. అది పుట్టిందే జర్నళ్ళని ఎంచుకోడానికి మహాప్రభో, మనుషుల్ని తూయడానికి కాదు. సరిపోదన్నట్టు 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ కనిపెట్టి పెట్టాడు. మీ పది పేపర్లకి కనీసం పదేసి సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ప్రస్తావనలు, ఉంటే మీరు పది, అంతే మీ బతుకు. ఆ పేపర్లలో ఏముందో చదివే ఓపిక కమిటీలో ఎవరికుంది? అంకె చూస్తే చాలు, టీ చల్లారేలోపు ఇంటర్వ్యూ అయిపోతుంది.

హిగ్స్ బోసాన్ అనే కణం ఉంటుందని ముందే చెప్పిన భౌతికశాస్త్రవేత్త పీటర్ హిగ్స్ గారికి 2013లో నోబెల్ వచ్చినప్పుడు ఆయనే అన్నారు, ఈ రోజుల్లో అయితే తనకి ఉద్యోగమే దొరికేది కాదని. 1964లో ఆ సిద్ధాంతం రాశాక ఆయన వేసిన పేపర్లు పది కూడా లేవు. మా పోర్టల్ అయితే ఆయనకి ఎర్ర రంగులో 'సంతృప్తికరంగా లేదు' అని చూపించి, మెరుగుదల ప్రణాళిక అప్‌లోడ్ చేయమనేది, పీడీఎఫ్‌లో, రెండు ఎంబీ దాటకుండా.

మరి జనం ఏం చేస్తారు? ఒక ఫలితాన్ని మూడు ముక్కలు చేసి మూడు పేపర్లు వేస్తారు. నువ్వు నన్ను సైట్ చెయ్యి, నేను నిన్ను చేస్తా. డబ్బు పడేస్తే పేపర్ రాసిచ్చే దుకాణాలు ఎటూ ఉన్నాయి. 2023లో ఒక్క హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నళ్ళ నుంచే 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. అవి బయటపడేలోపు ఎన్ని ప్రమోషన్లు వచ్చి ఉంటాయో ఊహించుకోండి. ప్రమోషన్‌ని వెనక్కి తీసుకోరు కదా.

పేపర్లంటే గుర్తొచ్చింది, గుర్తొస్తే ఈ రాత్రి నిద్ర పట్టదు. నేను కొత్తగా చేరినప్పుడు మా పెద్దాయన ఒకరు ఉండేవారు. డిపార్ట్‌మెంట్ నుంచి ఏ పేపర్ వెళ్ళినా ఆయన పేరు ఉండాల్సిందే. ల్యాబ్ తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో కూడా ఆయనకి తెలియదు. నా మొదటి పేపర్‌లో పేరు పెట్టలేదని ఫైలు ఆయన టేబుల్ మీదే ఆపేశారు. చివరికి పెట్టాను, అదీ మొదటి పేరుగా, నాది రెండోది. "నీకింకా చాలా వయసుందమ్మా" అన్నారు నవ్వుతూ. అలా అందరి దగ్గరా పోగేసుకున్న సైటేషన్లతో ఆయన హెచ్-ఇండెక్స్ ఇవాళ మా అందరికంటే ఎక్కువ. వచ్చే వారం కొత్తగా చేరినవాళ్ళకి పరిశోధనలో నైతిక విలువల మీద ఆయనే క్లాసు చెబుతున్నారు. హాజరు తప్పనిసరి అట.