పీఠమెక్కిన మామూలు మనిషి

తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని, చేతులు కిందికి వదిలేసి నిలబడ్డ మనిషి. నవ్వడు, ఏడవడు, ఎవరికీ దారి చూపించడు. జర్మన్ శిల్పి స్టీఫన్ బాల్కెన్‌హోల్ నలభై ఏళ్లుగా ఎక్కువగా ఇతన్నే చెక్కుతున్నాడు. ఇందులో ఏముందని అడిగేవాళ్లున్నారు. ఏ ఘనకార్యమూ చేయనివాడికి పీఠం ఇవ్వడం ఆ దేశంలో చిన్న సంగతి కాదు.

1957లో పుట్టిన బాల్కెన్‌హోల్ హాంబర్గ్‌లో ఉల్రిక్ రూక్‌రీమ్ దగ్గర చదువుకున్నాడు. గురువుది రాతిని చీల్చి మళ్లీ పేర్చే, వీలైనంత తక్కువ రూపంతో సరిపెట్టే మినిమలిస్టు పద్ధతి, మనిషి బొమ్మకు అందులో చోటు లేదు. కండలు తిరిగిన వీరుల విగ్రహాలను నాజీలు ప్రచారానికి వాడుకున్నాక, ఆ దేశంలో నిలువెత్తు మనిషి బొమ్మంటేనే అనుమానం. 1980ల మొదట్లో శిష్యుడు మనిషిని మళ్లీ తెచ్చాడు, వీరుణ్ని మాత్రం వదిలేశాడు.

మనిషినీ పీఠాన్నీ ఒకే దుంగలోంచి తీస్తాడు. వాడేది ఎక్కువగా ఆఫ్రికా నుంచి వచ్చే వావా చెక్క, మెత్తగా ఉలికి లొంగుతుంది. చెక్కాక నునుపు చేయడు. ఉలి గాట్లు, లేచిన పేళ్లు, ఎండి విచ్చిన పగుళ్లు అలాగే ఉంటాయి. బట్టలకు, జుట్టుకు, కళ్లకు, పెదాలకు రంగు వేస్తాడు. ఒంటికి మాత్రం చాలాసార్లు చెక్క రంగే. దూరం నుంచి మనిషి, దగ్గరికెళితే మొద్దు. 1992లో లండన్ థేమ్స్ నదిలో పడవలకు గుర్తుగా తేలే బోయా మీద ఇలాంటి బొమ్మను నిలబెడితే, నిజం మనిషనుకుని కాపాడబోయినవాళ్లూ ఉన్నారు.

గ్యాలరీలో వరసగా చూస్తే మాత్రం అదే చొక్కా, అదే చూపు, కొంత బోర్ కొడుతుంది. అతని బలం వీధిలోనే తెలుస్తుంది. 2012లో జర్మనీలోని కాసెల్‌లో, అయిదేళ్లకోసారి వచ్చే ఆధునిక కళల ప్రదర్శన డాక్యుమెంటా జరుగుతుండగా, ఎదురుగా ఉన్న సెయింట్ ఎలిజబెత్ చర్చి గంట గోపురంలో బంగారు గోళం మీద చేతులు చాచిన మనిషిని పెట్టాడు. డాక్యుమెంటా నిర్వాహకులు తీసేయమన్నారు. చర్చి ఒప్పుకోలేదు. అంత పెద్ద ప్రదర్శనకు ఒక్క బొమ్మతో అంత టెన్షన్ ఎందుకో!

మరుసటి ఏడాది లైప్‌జిగ్‌లో సంగీతకారుడు వాగ్నర్ విగ్రహం అతని చేతికొచ్చింది. ఈసారి కంచు. పాతతరం శిల్పి మాక్స్ క్లింగర్ పూర్తి చేయలేకపోయిన వాగ్నర్ స్మారకం తాలూకు పీఠం మీద రంగులద్దిన కుర్ర వాగ్నర్, వెనక అంతకు రెట్టింపు ఎత్తులో నల్లటి నీడ. ఆలోచన బాగుంది. కానీ నాకు ఆ నీడ అన్నీ విడమర్చి చెప్పేస్తున్నట్టు అనిపిస్తుంది. కాసెల్ గోపురం మీది మనిషి ఎవరో, చేతులెందుకు చాచాడో బాల్కెన్‌హోల్ మనకే వదిలేశాడు.