నా కుర్చీకి పక్షపాతం లేదు

మనిషి ఆలోచనకి పట్టే చీడలు రెండు. ఒకటి వాదనలో ఉండే లోపం. మన తార్కికులు దాన్ని హేత్వాభాసం అన్నారు, అంటే చూడ్డానికి కారణంలాగే ఉంటుంది, కానీ కాదు. రెండోది వాదించేవాడిలోనే ఉండే మొగ్గు, పక్షపాతం. మొదటిది తప్పు తూకమైతే రెండోది తక్కెడే వంకర. ఈ రెండూ మా తోడల్లుడికి పుష్కలంగా ఉన్నాయి. నాకు లేవు. ఎంతో నిష్పక్షపాతంగా పరిశీలించే ఈ మాట చెబుతున్నాను.

2023 వన్డే ప్రపంచకప్‌లో మన మొదటి మ్యాచ్ గుర్తుందా? చెన్నైలో ఆస్ట్రేలియా మీద 2 పరుగులకే 3 వికెట్లు పోయాయి. ఆ టెన్షన్‌లో సోఫా మీంచి లేచి, బాల్కనీలో ఉన్న పాత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాను. కోహ్లీ, రాహుల్ నిలబడ్డారు, గెలిచాం. నిలబడినవాళ్ల పేర్లు స్కోర్‌బోర్డులో ఉంటాయి, కూర్చున్నవాడి పేరు ఎవడూ రాయడు. అక్కణ్ణుంచి సెమీఫైనల్ దాకా నేను ఆ కుర్చీ దిగలేదు, ఇండియా ఒక్క మ్యాచ్ ఓడలేదు. వరసగా 10.

మా చెల్లెలి కూతురు సంస్కృతం ఎమ్మే చదువుతోంది. "కాకి వాలగానే తాటిపండు పడితే కాకి పడగొట్టినట్టు కాదు మామయ్యా, అది కాకతాళీయం" అంది. కాకి ఒకసారి వాలితే కాకతాళీయమే, పదిసార్లు వాలి పది పళ్లు పడితే ఆ కాకికి శాలువా కప్పాలి కదా అన్నాను. పిల్ల ఊరుకోలేదు. 1960లో వేసన్ అనే ఇంగ్లండు మనస్తత్వవేత్త విద్యార్థులకి 2, 4, 6 ఇచ్చి, వీటి వెనకున్న నియమం ఏమిటో కనుక్కోమన్నాడట. అసలు నియమం అంకెలు పెరుగుతూ పోవాలి, అంతే. కానీ చాలామంది రెండేసి చొప్పున పెరగాలని మనసులో అనుకుని, 8, 10, 12 లాంటివే చెప్పి, ఔననిపించుకుని మురిసిపోయారట. 1, 2, 17 చెబుదామని, తమ ఊహ తప్పేమో చూద్దామని తోచినవాళ్లు తక్కువ. "ఆ కుర్చీలో కూర్చోకుండా ఒక్క మ్యాచ్ చూశావా నువ్వు?" అని నిలదీసింది. ప్రయోగం కోసం దేశాన్ని పణంగా పెట్టే రకాన్ని కాదు నేను.

ఇక అహ్మదాబాద్ ఫైనల్. నవంబర్ 19. కుర్చీలోనే ఉన్నాను, ఓడిపోయాం. ట్రావిస్ హెడ్ 137 కొట్టాడని పేపర్లు రాశాయి, పాపం వాళ్లకి మా హాల్లో జరిగింది తెలీదు. మా తోడల్లుడు మిరపకాయ బజ్జీల పొట్లంతో వచ్చి, సరిగ్గా నా వెనక నిలబడ్డాడు.

"కారణం ఉన్నా ఫలితం రాలేదంటే ఆ హేతువుని సవ్యభిచారం అంటారు మామయ్యా" అంది మేనకోడలు. ఆ మాట చెవిన పడి మా ఆవిడ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చింది. అది న్యాయశాస్త్రంలో, అంటే కోర్టుల న్యాయం కాదు, మన పాత తర్కశాస్త్రంలో మాటేనని, హేతువు దారి తప్పడమే తప్ప నేను దారి తప్పడం కాదని నమ్మించేసరికి నా ప్రాణం పోయింది. పరిభాష పెట్టేటప్పుడు ఆ శాస్త్రానికి సూత్రాలు రాసిన గౌతమ మహర్షి కాస్త సంసారుల గురించి ఆలోచించి ఉండాల్సింది.

2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ఫైనల్. దక్షిణాఫ్రికాకి 30 బంతుల్లో 30 కావాలి, క్లాసెన్ ఉతికేస్తున్నాడు. ఒళ్లు మండి కుర్చీలోంచి లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాను. 7 పరుగులతో గెలిచాం! నేను లేవబట్టే. చూశారా, ఇప్పుడు నా సిద్ధాంతానికి ఎదురే లేదు. కూర్చుంటే గెలుస్తాం, కూర్చున్నా ఓడితే తోడల్లుడు, లేచినా గెలిస్తే లేవడం. పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మొండివాళ్లు వేరే ఉంటారు, వాళ్లతో నన్ను కలపకండి.

2002లో ఎమిలీ ప్రోనిన్ అనే ఆవిడ, మరో ఇద్దరితో కలిసి అమెరికాలో ఒక పరిశోధన అచ్చేసిందట. పక్షపాతం ఎదుటివాళ్లలో ఇట్టే కనిపిస్తుంది, తమకి మాత్రం అంతగా లేదనే జనం అనుకుంటారని సారాంశం. మేనకోడలు ఫోన్లో చదివి వినిపిస్తుంటే ఒళ్లు జలదరించింది, అచ్చం మా తోడల్లుణ్ణి చూసి రాసినట్టే ఉంది. వెంటనే వాడికి ఫార్వర్డ్ చేశాను. వాడూ అదే క్షణంలో నాకు అదే పంపాడు. కాపీ కొట్టడానికి సిగ్గుండాలి.

కుర్చీ ఇంకా ఉంది. మొన్న ఇల్లు సర్దుతుంటే ఒక కాలు విరిగింది. మా ఆవిడ పారేస్తానంటే ఒప్పుకోలేదు, కింద ఇటుక పెట్టాను. కూర్చుంటే కాస్త ఒక పక్కకి ఒరుగుతోందని ఇంటికొచ్చినవాళ్లు అంటున్నారు. కూర్చునే నాకు తెలీదా, ఒరిగింది మా ఇంటి నేల.