గుండ్లకమ్మ నీళ్లలోకి దిగిందెవరు?

పోయిన క్రిస్మస్‌కి మా తెలుగు ఫెలోషిప్‌లో, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాలు గంటా పది నిమిషాలు నడిచాయి. ఒకాయనకి ప్రభువు గ్రీన్‌కార్డు ఇచ్చాడు. ఇంకొకాయనకి చెరువు ఎదురుగా ఇల్లు ఇచ్చాడు. అందరూ "నాదేం లేదండీ, అంతా ఆయన కృప" అనే మొదలుపెట్టారు, చదరపు అడుగుల లెక్క దగ్గరకొచ్చి ఆగారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను గనక ఎవరిమీదా రాయి వేయను.

యాకోబు పత్రిక మూడో అధ్యాయం పదమూడో వచనం మనలో చాలామందికి కంఠతా వచ్చు. మీలో జ్ఞాని ఎవడని అడుగుతాడు యాకోబు. అలాంటివాడు మైకు తీసుకోవాలనడు, సాత్వికంతో నడిచి క్రియల్లో చూపించాలంటాడు. అసలు ఆ అధ్యాయం మొదలయ్యేదే, మీలో ఎక్కువమంది బోధకులు కావద్దనే మాటతో. కమిటీ ఎన్నికల ముందు దాన్ని ఒకసారి చదివిస్తే సగం నామినేషన్లు వెనక్కి పోతాయని నా నమ్మకం.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. మా ఒంగోలు పల్లెల్లో తగ్గింపు గురించిన మాటలు ఎప్పుడూ పైనుంచి కిందికే పారాయి. ఊరందరికీ చెప్పులు కుట్టి, ఊళ్లోకి రాగానే తన చెప్పులు విప్పి చేతబట్టుకోవాల్సి వచ్చిన మనిషికి "తగ్గించుకో నాయనా" అని చెబితే అది బోధ కాదు, వెటకారం. తగ్గడమనేది ఎత్తులో ఉన్నవాడి పని.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. ఆ రోజుల్లోనే తాళ్లకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, అప్పటికే యోగం తెలిసినవాడు. పేరయ్య వెనకే ఆయన మనుషులు కదిలారు. పెద్దకులాలవాళ్లు క్లౌ దొర దగ్గరికొచ్చి, వాళ్లని చేర్చుకుంటే మేం రామన్నారు. దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో ఎవరికి వారు బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు కనబడిందట: లోకరీతిగా జ్ఞానులు, ఘనులు మీలో ఎక్కువమంది లేరనే చోటు. ఇది దొర స్వయంగా చెప్పుకున్న ముచ్చట. మాదిగలని చేర్చుకున్న ఆ ఒక్క నిర్ణయంతో దొర బడికొచ్చే బ్రాహ్మల పిల్లలూ, ఊళ్లో మర్యాదా పోయాయి. నేను తగ్గింపు అనేది దాన్ని.

తర్వాత 1876లో, ధాత నామ సంవత్సరంలో, ధాత కరువు వచ్చిపడింది. దొరకి సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు మాత్రం ఇవ్వలేదు. గంజికోసం వచ్చారనే మాట పడకూడదని. బాప్తిస్మాల లెక్కలు పంపితే అమెరికాలో చందాలు పెరిగే రోజులవి, గుర్తుంచుకోండి.

సాయం ఆగాక 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మన జూబిలీ బ్యానర్లన్నిటి మీదా ఉంటుంది. బ్యానర్ మీద ఉండనిది ఇంకోటుంది. ఆ రోజు క్లౌ దొర ఒక్కరిని కూడా ముంచలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు, దొర గట్టున ఉండి పని జరిపించాడు.

ఈ జూలైకి మా ఫెలోషిప్ వేయించబోయే ఫ్లెక్సీ నమూనా నిన్న వాట్సాప్‌లో వచ్చింది. మధ్యలో పెద్దగా దొర ఫొటో, కింద వరుసగా మా కమిటీ సభ్యులు పదకొండు మంది, సూట్లలో. చివరివాణ్ని నేనే. నా ఫొటో తీసేసి అక్కడ పేరయ్య పేరు రాయమని జవాబు పంపాను. ఇంకా ఎవరూ బదులివ్వలేదు.