ప్రసంగానికి ఏ పాఠం చదువుతున్నారో చెప్పాలి కదా

చారిత్రక నిరసన ప్రసంగాలను నటులు చదివే డాక్యుమెంటరీలో ఆనాటి గొంతులే వినిపిస్తాయని ఒక వ్యాసంలో రాశారు. చదవడం మంచిదే, కాదనను. 1852 జూలై 5న అమెరికాలోని రాచెస్టర్‌లో, బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన నల్లజాతి వక్త ఫ్రెడరిక్ డగ్లస్ స్వాతంత్ర్య దినోత్సవం మీద ఇచ్చిన ప్రసంగంలోని ఎత్తిపొడుపు పైకి చదివితేనే తగులుతుంది. మరి బానిసగా పుట్టి, తర్వాత ఆడవాళ్ల హక్కుల కోసం మాట్లాడిన సోజర్నర్ ట్రూత్ సంగతేంటి? 1851లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో జరిగిన మహిళా హక్కుల సభలో ఆమె మాట్లాడాక, నెల తిరక్కుండానే పత్రికలో అచ్చయిన పాఠంలో ‘నేను ఆడదాన్ని కానా’ అన్న పల్లవే లేదు. అది ఆ సభకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సెస్ గేజ్ 1863లో రాసిన పాఠంలోది. దానికి అమెరికా దక్షిణాది యాస కూడా తగిలించారు. ట్రూత్ పుట్టిందేమో న్యూయార్క్ రాష్ట్రంలో, చిన్నప్పుడు మాట్లాడింది డచ్ భాష! అయినా నటులు ఊగిపోతూ చదివేది ఎక్కువగా ఈ రెండోదే. చప్పట్లు పడేది దానికే మరి. ఏ పాఠమో తెర మీద ఒక్క లైను వేస్తే ఏం పోతుంది?